సముద్రం బాగుంటేనే చేను బాగుంటుంది: గోదావరి డెల్టా చిన్న రైతులు తెలుసుకోవాల్సినవి

గోదావరికి వరద వచ్చి ధవళేశ్వరం దగ్గర బ్యారేజి గేట్లు ఎత్తినప్పుడల్లా ఒక మాట వింటుంటాం. "ఇన్ని నీళ్లు వృథాగా సముద్రం పాలవుతున్నాయి" అని. సాగునీటికి ఇబ్బంది పడే రైతుకు ఆ బాధ సహజమే. అయితే ఆ నీళ్లన్నీ వృథా కావు. సముద్రపు ఉప్పును మన చేలకు దూరంగా ఉంచేది, తీరం కోతకు గురికాకుండా మట్టి తెచ్చి పోసేది, చేపకు గుడ్లు పెట్టే చోటు చూపేది ఆ వరద నీరే.

సముద్రం మత్స్యకారుల సంగతే అనుకుంటాం. కానీ డెల్టా రైతు పొలానికి కింది గట్టు సముద్రమే. మన బోదె కాలువలోకి, అది డ్రెయిన్‌లోకి, డ్రెయిన్ సముద్రంలోకి కలుస్తాయి. అక్కడ దెబ్బతింటే మొదట తగిలేది శివారు ఆయకట్టులోని చిన్న రైతుకే. ఎకరం, రెండెకరాలు ఉన్నవారికి ఆ భూమి చౌడు బారితే మరోచోటికి వెళ్లి సాగు చేసుకునే వీలుండదు. సముద్రానికీ సాగుకూ ఉన్న సంబంధం ఏమిటో, చేలో ఏం చేసుకోవాలో, ఊరంతా కలిసి ఏం అడగాలో ఇక్కడ వివరిస్తున్నాం.

ముఖ్యాంశాలు

• మన వానలకు మూలం సముద్రం. అది వేడెక్కితే వాన తీరు మారుతుంది, తుపానుల బలం పెరుగుతుంది.
• నది తెచ్చే ఒండ్రు తగ్గితే తీరం కోతకు గురవుతుంది, ఉప్పు లోపలికి వస్తుంది.
• మడ అడవులు ఉప్పెన దెబ్బను తగ్గిస్తాయి, చేపలకు, రొయ్యలకు పెంపకపు చోటు అవుతాయి.
• మనం ఎక్కువగా వేసిన యూరియా, పురుగుమందు, పారేసిన ప్లాస్టిక్ చివరకు చేరేది సముద్రంలోకే.
• చౌడు కనిపించాక బాగు చేయడం కష్టం, ఖర్చు. ముందే గుర్తించాలి.

సముద్రం మనకు ఇచ్చేదేమిటి?

మొదటిది వాన. సముద్రం నుంచి ఆవిరైన నీరే రుతుపవనాలతో మన మీదికి వస్తుంది. సార్వాకు నైరుతి, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాలు, వాటి మధ్య బంగాళాఖాతంలో ఏర్పడే అల్పపీడనాలు కలిసి డెల్టాకు నీళ్లు ఇస్తున్నాయి. ఎకరం చేను మీద ఒక సెంటీమీటరు వాన పడిందంటే సుమారు 40 వేల లీటర్ల నీరు వచ్చినట్లు. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. గోదావరిలో పారే నీరు కూడా ఎగువన ఎక్కడో ఇలా పడిన వానే.

రెండోది వేడిని తట్టుకోవడం. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చడం వల్ల భూమి మీద పెరిగిన అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగాయి. మనం గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువులో దాదాపు పావు వంతును అవే పీల్చుకుంటున్నాయి. భూమ్మీద తయారయ్యే మొత్తం ఆక్సిజన్‌లో దాదాపు సగం సముద్రంలోని కంటికి కనిపించని నాచు మొక్కల నుంచి వస్తుంది.

అయితే ఈ సాయానికి హద్దు ఉంది. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది. దానికి కరిగిన మంచు తోడవుతుంది. 1900 తర్వాత ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్ల దాకా పెరిగింది, ఆ వేగం ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. జానెడు ఎత్తు అని తీసిపారేయకండి. శివారు భూములు చాలాచోట్ల సముద్ర మట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. అక్కడ పోటు నీరు ఇంకో జానెడు పైకి వస్తే డ్రెయిన్‌లో మురుగు కిందికి దిగదు.

తుపానులకు బలం ఇచ్చేది వెచ్చని సముద్రపు నీరే. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెనకు కోరింగ రేవు తుడిచిపెట్టుకుపోయింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరి తోటలను కూల్చిన తుపాను పెద్దలకు ఇంకా గుర్తే. సముద్రం వెచ్చబడే కొద్దీ తుపాను తక్కువ సమయంలోనే బలపడే అవకాశం పెరుగుతుంది. హెచ్చరిక వచ్చాక పంట కోసుకోవడానికి దొరికే గడువు తగ్గుతుంది.

ఒండ్రు తగ్గితే తీరం తగ్గుతుంది

డెల్టా అంటేనే నది తెచ్చిన మట్టితో తయారైన నేల. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు మీదే ఈరోజు మనం వరి, కొబ్బరి పండిస్తున్నాం. సముద్రపు అలలు తీరాన్ని నిత్యం కోస్తూనే ఉంటాయి. నది కొత్త మట్టి తెచ్చి ఆ కోతను పూడుస్తుంది. ఈ జమాఖర్చు సరిపోయినంత కాలం తీరం నిలుస్తుంది.

1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట డెల్టాలో కరువును తరిమింది. దాని కిందే ఈరోజుకీ సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. ఆ మేలును ఎవరూ కాదనలేరు. అయితే గత యాభై ఏళ్లలో గోదావరి, దాని ఉపనదుల మీద ఎగువన చాలా జలాశయాలు వచ్చాయి. వాటిలో నీటితోపాటు ఒండ్రు కూడా ఆగిపోతోంది. 1970లలో సముద్రానికి చేరిన ఒండ్రుతో పోలిస్తే 2000 తర్వాత చేరుతున్నది సగం కూడా లేదని కొలతలు చెబుతున్నాయి. 1976, 2001 సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు పోల్చి చూశారు. ఆ కాలంలో గోదావరి డెల్టా తీరం నికరంగా సుమారు 1,800 హెక్టార్లు, అంటే దాదాపు 4,500 ఎకరాలు కోల్పోయిందని తేల్చారు. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్లు, బీచ్ రోడ్డు ఏటా కోతకు గురవడం అందరూ చూస్తున్నదే. కోతకు అక్కడ వేరే కారణాలూ ఉన్నాయి కానీ, మట్టి రాక తగ్గితే ఏ తీరమైనా బలహీనపడుతుంది.

అందుకే వరద నీరు కొంతైనా, ఒండ్రుతో సహా, సముద్రానికి చేరాలి. వేసవిలో నదీ పాయల్లో కొంతైనా మంచినీటి పారుదల ఉండాలి. ఇది సాగునీటికి అడ్డు కాదు. శివారు భూములకు కాపలా.

ఉప్పు మన చేలోకి ఏ దారుల్లో వస్తుంది?

1. డ్రెయిన్ల ద్వారా. వేసవిలో కాలువలు కట్టేశాక డ్రెయిన్లలో మంచినీరు ఉండదు. అమావాస్య, పౌర్ణమి పోట్లకు సముద్రపు నీరు ఎదురెక్కుతుంది. మొగ దగ్గర స్లూయిజ్ తలుపులు పాడైనా, గట్లు కోసుకుపోయినా అది మైళ్ల దూరం లోపలికి వస్తుంది. మలికిపురం మండలం కేశనపల్లి పరిసరాల్లో శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు నిలిచి కొబ్బరి చెట్లు తలలు వాల్చి ఎండిపోయాయి. కొబ్బరి కొంత ఉప్పును తట్టుకుంటుంది. కానీ వేరు దగ్గర ఉప్పునీరు రోజుల తరబడి నిలిస్తే తట్టుకోలేదు. పశ్చిమాన ఉప్పుటేరు ద్వారా వేసవిలో కొల్లేరు వైపు ఉప్పునీరు ఎగదన్నడం కూడా ఇలాంటిదే.

2. భూగర్భం నుంచి. తీరంలో ఇసుక దిబ్బల కింద మంచినీరు, దాని కింద ఉప్పునీరు ఉంటాయి. మంచినీరు తేలిక కాబట్టి పైన తేలుతుంది. ఫిల్టర్ పాయింట్లతో ఎక్కువ తోడితే కింది ఉప్పునీరు పైకి ఉబుకుతుంది. మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే కింది ఉప్పునీరు దాదాపు 40 అడుగులు పైకి రాగలదని లెక్క. ఇసుక దిబ్బలు తవ్వేస్తే ఆ మంచినీటి నిల్వ పోయినట్లే.

3. ఉప్పునీటి చెరువుల ద్వారా. వరి చేల మధ్య రొయ్యల చెరువు తవ్వి, ఉప్పునీటి బోరు వేసి నింపితే గట్ల నుంచి ఊట పక్క చేలోకి దిగుతుంది. చెరువు నీరు సాగునీటి బోదెలోకి వదిలితే కింది రైతులందరికీ నష్టం.

4. ఉప్పెన ద్వారా. ఇది అరుదు. కానీ ఒక్కసారి వస్తే రెండు మూడు పంటల దాకా దాని ప్రభావం ఉండవచ్చు.

ఎంత ఉప్పు ఎక్కువ? నేలలో, నీటిలో లవణాలను ఇ.సి. అనే కొలతతో చెబుతారు. నేల ఇ.సి. 3 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. 4 దాటిన నేలను చౌడు నేల కింద లెక్కిస్తారు. సముద్రపు నీటి ఇ.సి. 50 దాకా ఉంటుంది. అంటే పది బిందెల మంచినీటిలో ఒక బిందె సముద్రపు నీరు కలిస్తే చాలు, ఆ నీరు వరికి పనికిరాకుండా పోతుంది.

మడ అడవులు: ఎరువు, నీరు అడగని గట్టు

కోరింగ మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల వంటి చెట్లు పోటుకు మునిగి, పాటుకు తేలే బురదలో పెరుగుతాయి. వాటి వేళ్ల గూడు అలల ఉధృతిని తగ్గించి మట్టిని పట్టి ఉంచుతుంది. రొయ్య పిల్లలు, మండపీతలు, పండుగప్ప పిల్లలు పెరిగేది ఆ వేళ్ల మధ్యే. కాకినాడ, యానాం మత్స్యకారుల వలలో పడేదాంట్లో చాలా భాగానికి పుట్టిల్లు అదే.

1999లో ఒడిశాను ముంచిన సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపారా జిల్లాలో పరిశోధకులు ఊరూరా లెక్క తీశారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పు ఎక్కువగా ఉన్న ఊళ్లలో మరణాలు తక్కువగా ఉన్నట్లు తేలింది. మడ అడవి తుపానును ఆపదు. ఉప్పెన దెబ్బను తగ్గిస్తుంది. ఆ తగ్గింపు ఒక ప్రాణం కావచ్చు, ఒక పాడి గేదె కావచ్చు, ఒక ఎకరం నేల కావచ్చు.

మన ప్రాంతంలోనే ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, తీర గ్రామాల ప్రజలు కలిసి పాడైన మడ నేలలను బాగుచేశారు. పోటు నీరు లోపలికి వచ్చి వెళ్లేలా చేప ముల్లు ఆకారంలో చిన్న కాలువలు తవ్వి, మొక్కలు నాటారు. నీరు ఆడితే మడ తిరిగి వస్తుందని ఇది రుజువు చేసింది.

మన చేలోంచి సముద్రంలోకి వెళ్లేవి

వరిలో వేసిన యూరియాలోని నత్రజనిలో పంటకు అందేది సాధారణంగా 30–40 శాతమే. 45 కిలోల బస్తాలో నత్రజని సుమారు 20 కిలోలు. దాంట్లో పైరు తీసుకునేది ఆరు నుంచి ఎనిమిది కిలోలు. మిగతాది గాలిలో కలుస్తుంది, నీటితో కొట్టుకుపోతుంది. అంటే మనం కొన్న బస్తాలో సగానికి పైగా మనకు పనికిరావడం లేదు.

డ్రెయిన్లు, చెరువులు, నదీ ముఖాల్లో ఈ నత్రజనికి నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్లేటప్పుడు నీటిలో ఆక్సిజన్ అయిపోతుంది. చేపలు తేలిపోతాయి. ఆక్వా రైతులకు ఇది చెప్పక్కర్లేదు, తెల్లవారుజామున ఏరియేటర్లు తిప్పేది ఇందుకే. బంగాళాఖాతంలో 100 మీటర్ల దిగువన ఇప్పటికే ఆక్సిజన్ చాలా తక్కువగా ఉన్న పెద్ద పొర ఉంది. దానికి మనం ఇంకా భారం కలపకూడదు.

పులసనే చూడండి. ఇది సముద్రంలో పెరిగి, వర్షాకాలంలో గోదావరి ఎర్రనీరు సముద్రంలోకి తోసుకువచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి ఎదురీది వస్తుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలని అంటారు. ఆ చేప రావాలంటే వరద సముద్రానికి చేరాలి, నదీ ముఖం శుభ్రంగా ఉండాలి. పులస రాక నదికి, సముద్రానికి మధ్య దారి తెరిచి ఉందనడానికి గుర్తు.

చేలో మీరు చేసుకోవాల్సినవి

చౌడును ముందే గుర్తించండి

• వేసవిలో గట్ల మీద, చేలో ఎత్తు ప్రదేశాల్లో తెల్లటి పొర తేలుతోందా చూడండి.
• నారు నాటాక ఆకుల కొనలు తెల్లబడి ఎండిపోవడం, చేను మచ్చలు మచ్చలుగా పెరగడం ఉప్పుకు గుర్తులు.
• ఏటా వేసవిలో ఒకసారి మట్టి నమూనా తీసి రైతు సేవా కేంద్రం ద్వారా పరీక్షకు పంపండి. ఇ.సి.తోపాటు ఉదజని సూచిక కూడా అడగండి.
• దాళ్వాలో డ్రెయిన్ నీరు తోడుకునే ముందు తప్పనిసరిగా ఇ.సి. చూపించుకోండి. పోటు సమయంలో తోడకండి.

ఉప్పు నేలలో వరి సాగు

• దాళ్వా కోశాక నేలను బీడుగా వదలకుండా లోతు దుక్కి చేయండి. దుక్కి వల్ల కింది ఉప్పు పైకి పాకడం తగ్గుతుంది.
• నీటి వసతి ఉంటే జీలుగ చల్లండి. పూత దశలో, సుమారు 45 రోజులకు, కలియదున్నండి. జీలుగ ఉప్పును కొంత తట్టుకుంటుంది.
• గట్లు బలంగా వేసి తొలకరి వాన నీటిని చేలోనే నిలపండి. రెండు మూడు రోజులు ఉంచి, దమ్ము చేసి, ఆ నీటిని డ్రెయిన్‌లోకి తీసేయండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే ఉప్పు కడుక్కుపోతుంది. మురుగు దారి లేకుండా నీరు నిలిపితే ప్రయోజనం ఉండదు.
• నారుమడిని మంచి నేలలో, మంచినీటితో పెంచండి. వరి నారు దశలోనూ, పూత దశలోనూ ఉప్పును అసలు తట్టుకోలేదు.
• ముదురు నారు, కుదురుకు నాలుగైదు మొక్కల చొప్పున, కొంచెం దగ్గరగా నాటండి.
• చౌడు నేలల్లో నత్రజనిని సిఫారసు కన్నా 25 శాతం ఎక్కువ, కానీ ఎక్కువ దఫాలుగా వేయాలి. జింకు లోపం కనిపిస్తే జింకు సల్ఫేటు వాడండి.
• మచిలీపట్నం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎం.సి.ఎం. రకాలు ఉప్పును తట్టుకుంటాయి. మీ నేలకు ఏది సరిపోతుందో మార్టేరు వరి పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను అడిగి ఎంచుకోండి.

జిప్సం గురించి ఒక హెచ్చరిక. తెల్లపొర కనిపించగానే జిప్సం కొనకండి. జిప్సం పనిచేసేది క్షార నేలల్లో, అంటే ఉదజని సూచిక 8.5 దాటి సోడియం ఎక్కువగా ఉన్న నేలల్లో. కేవలం ఉప్పు ఉన్న నేలకు మందు మంచినీటితో కడగడమే. పరీక్ష ఫలితం చూశాకే ఖర్చు పెట్టండి.

ఉప్పెన లేదా పోటు నీరు చేలోకి వస్తే

• నీరు చేలోనే ఆరిపోనివ్వకండి. ఆరితే ఉప్పంతా మట్టిలో మిగులుతుంది. వీలైనంత త్వరగా గండి పెట్టి తీసేయండి.
• తర్వాత మంచినీరు లేదా వాన నీరు పెట్టి కడగండి.
• మట్టి పరీక్ష చేయించకుండా తర్వాతి పంట వేయకండి.
• నష్టం నమోదుకు ఫొటోలు తీసి వెంటనే గ్రామ వ్యవసాయ సహాయకుడికి తెలపండి.

ఎరువు, మందు వృథా కానివ్వకండి

• యూరియాను మూడు దఫాలుగా వేయండి. నీరు తీసి బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజులు ఆగి నీరు పెట్టండి. నిండు నీటిలో చల్లితే డ్రెయిన్‌కు వేసినట్లే.
• భారీ వాన సూచన ఉంటే ఎరువు, మందు వాయిదా వేయండి.
• ఆకు రంగు పట్టికతో చూసి అవసరమైతేనే పై ఎరువు వేయండి.
• మందు డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోయండి. బోదెలో స్ప్రేయర్ కడగకండి.
• ఎరువుల సంచులు, నారుమడి షీట్లు, మేత సంచులు గట్టు మీద వదలకండి. ఒక్క వానకు అవి డ్రెయిన్‌లోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోతాయి. మొగ దగ్గర స్లూయిజ్ తలుపులకు అడ్డుపడేదీ, తాబేళ్లు, చేపలు మింగేదీ ఇవే.

ఆక్వా సాగు చేసేవారు

• చెరువు తవ్వే ముందు మత్స్యశాఖ నుంచి లైసెన్సు తీసుకోండి. 2020 నాటి ఆంధ్రప్రదేశ్ ఆక్వాకల్చర్ అభివృద్ధి సాధికార సంస్థ చట్టం ప్రకారం ఇది తప్పనిసరి.
• వరి చేలకు, తాగునీటి చెరువులకు దూరం పాటించండి. చెరువు చుట్టూ ఊట కాలువ తీయండి.
• పట్టుబడి తర్వాత నీటిని నేరుగా వదలక, వేరే గుంటలో నిలిపి మట్టి పేరుకున్నాక వదలండి.
• క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషేధిత యాంటీబయాటిక్స్ వాడకండి. ఎగుమతి సరుకు తిరిగి వస్తే ధర పడిపోయేది అందరికీ.

ఊరంతా కలిసి చేయాల్సినవి

ఒక్క రైతు సముద్రాన్ని ఆపలేడు. ఊరు కలిస్తే కొన్ని సాధించవచ్చు.

1. డ్రెయిన్ల మొగలు. వేసవిలోనే పూడిక తీయించాలని, స్లూయిజ్ తలుపులు బాగు చేయించాలని నీటి సంఘం తీర్మానం చేసి జలవనరుల శాఖ డ్రెయిన్ల విభాగానికి ఇవ్వండి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారంటే దాని వెనుక ఉన్న కారణాల్లో మురుగు పారకపోవడం ఒకటి. మురుగు దిగేందుకు, ఉప్పు రాకుండా ఉండేందుకు తలుపు ఒక్కటే. అది పాటుకు తెరుచుకోవాలి, పోటుకు మూసుకోవాలి.

2. దిబ్బలు, మడ, సరుగుడు. తీర గ్రామాల్లో ఇసుక దిబ్బలు తవ్వుతుంటే పంచాయతీలో అభ్యంతరం చెప్పండి. మడ నరికి చెరువులు తవ్వడం చట్టవిరుద్ధం. డ్రెయిన్ల అంచుల్లో ఎక్కడ మడ పెరగగలదో అటవీ శాఖను అడిగి నాటించండి. పొడి ఇసుక నేలల్లో సరుగుడు సరిపోతుంది, మడ కాదు.

3. చెరువుల హద్దు. పక్కపక్కన వరి, ఉప్పునీటి చెరువులు ఉంటే రెండువైపులా నష్టమే. వరి మందు చెరువును చంపుతుంది, చెరువు ఉప్పు వరిని చంపుతుంది. పంటల వారీగా ప్రాంతాలు విడదీసుకోవడం మేలు.

4. మత్స్యకారులతో మాట. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలంలో వారు ఉపాధి మానుకుంటున్నారు. అదే సమయంలో మనం డ్రెయిన్‌లోకి మందు నీరు వదలకపోవడం మన వంతు. మొగ పూడిపోయిందని, నీటి రంగు మారిందని మొదట గమనించేదీ వారే.

ఇతర డెల్టాల అనుభవం

వియత్నాంలోని మెకాంగ్ డెల్టా మన డెల్టాలాంటిదే. అక్కడ 2015–16లో కరువు వచ్చి నదిలో నీరు తగ్గింది. ఉప్పు పదుల కిలోమీటర్లు లోపలికి చొచ్చుకువచ్చింది. లక్ష హెక్టార్లకు పైగా వరి దెబ్బతింది. కొన్ని చోట్ల రైతులు వానాకాలం వరి, ఎండాకాలం రొయ్య అనే పద్ధతికి మారారు. ఆ పద్ధతి నడవాలంటే వానాకాలంలో ఉప్పు పూర్తిగా కడుక్కుపోయేంత మంచినీరు ఉండాలి. బంగ్లాదేశ్ తీరంలో ఏడాది పొడవునా ఉప్పునీరు నిలిపిన చోట్ల వరి, పశువుల మేత, తాగునీరు అన్నీ దెబ్బతిన్నాయి. ఒకసారి ఉప్పును లోపలికి పిలిస్తే తిరిగి పంపడం తేలిక కాదని ఈ రెండు చోట్ల అనుభవం చెబుతోంది.

రైతులు తరచూ అడిగే ప్రశ్నలు

నా చేను సముద్రానికి 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. నాకు ఇదంతా ఎందుకు?
మీ మురుగు దిగాల్సిన డ్రెయిన్ మొగ తీరంలోనే ఉంది. అక్కడ పూడితే ముంపు మీ దాకా వస్తుంది. పైగా మీరు వదిలే నీరే కింది రైతు తోడుకునేది.

వరద నీటిని పూర్తిగా నిల్వ చేసుకుంటే మంచిది కదా?
నిల్వ అవసరమే. కానీ పూర్తిగా ఆపితే ఒండ్రు ఆగుతుంది, తీరం తరుగుతుంది, ఉప్పు లోపలికి వస్తుంది. ఎగువ రైతుకు లాభం, శివారు రైతుకు నష్టం కాకుండా రెండూ చూసుకోవాలి.

మేం కొద్దిమంది యూరియా తగ్గిస్తే సముద్రం బాగుపడుతుందా?
వెంటనే కాదు. కానీ సరిగా వేసిన యూరియా మీ ఖర్చు తగ్గిస్తుంది, మీ ఊరి చెరువును, డ్రెయిన్‌ను కాపాడుతుంది. ఆ లాభం ఈ పంటకే కనిపిస్తుంది.

కాలం వారీగా గుర్తుంచుకోవాల్సినవి

• ఏప్రిల్–మే: మట్టి పరీక్ష, లోతు దుక్కి, డ్రెయిన్ పూడికతీత, స్లూయిజ్ తనిఖీ. పోటు నీరు తోడవద్దు.
• జూన్–జులై: తొలకరి నీటితో చేను కడగడం, దమ్ము, నాట్లు.
• ఆగస్టు–సెప్టెంబరు: దఫాలుగా యూరియా. ముంపు వస్తే మురుగు తీయడం.
• అక్టోబరు–డిసెంబరు: తుపానుల కాలం. వాతావరణ శాఖ హెచ్చరికలు రోజూ వినండి. కోతకు వచ్చిన పంటను ఆలస్యం చేయవద్దు.
• జనవరి–మార్చి: దాళ్వాలో నీటి ఇ.సి. గమనించడం. కాలువ చివరికి నీరు అందకపోతే వెంటనే నీటి సంఘానికి చెప్పడం.

వరి రకాలు, చౌడు నేలల గురించి మార్టేరు వరి పరిశోధన స్థానాన్ని, కొబ్బరి గురించి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానాన్ని సంప్రదించవచ్చు. మిగతా సందేహాలకు మీ రైతు సేవా కేంద్రాన్ని లేదా కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551ను అడగండి. ఈ వేసవిలో కాలువలు కట్టేశాక ఒక రోజు వీలు చేసుకుని, నీటి సంఘం సభ్యులతో కలిసి మీ డ్రెయిన్ వెంట మొగ దాకా వెళ్లి రండి. పూడిక ఎక్కడుంది, తలుపు ఎలా ఉంది, ఉప్పు ఎంతవరకు వచ్చింది రాసుకోండి. ఆ కాగితంతో అడిగితే అధికారుల దగ్గర మీ మాటకు బలం ఉంటుంది.